మోటారు నంబరు

ఆదివారం పొద్దున జహీరాబాద్‌లో ఎవరి తలంటు వాళ్ల ఇళ్లలో జరుగుతుంది. సుబ్బలక్ష్మి ఇంటి వరండాలో మాత్రం ఫోన్లకు జరుగుతుంది. వారం పొడుగునా ‘అప్‌డేట్ వచ్చింది, నొక్కు’ అని ఫోను ఎంత బతిమాలినా ఆ వీధివాళ్లు నొక్కరు. ఆదివారం దాకా ఓపిక పట్టి, ఛార్జింగ్ నిండుగా పెట్టుకొని ఆవిడ గుమ్మంలోకి వస్తారు.

“అప్‌డేట్ అంటే ఆపరేషన్ లాంటిదమ్మా. బస్టాండులో నిలబడి చేయించుకుంటామా? మధ్యలో ఛార్జింగ్ చచ్చిందంటే ఫోనూ చస్తుంది” అంటుంది సుబ్బలక్ష్మి.

ఆవిడ భర్త రామకృష్ణకు ఈ మాట గిట్టదు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నడిచే బండిని ముట్టుకోకూడదన్నది ఆయన సిద్ధాంతం. ఆయన కంప్యూటర్ ఎన్నేళ్లుగానో అదే పాత పద్ధతిలో మూలుగుతూ నడుస్తోంది. “నా కంప్యూటర్‌కు లేని రోగం మీ ఫోన్లకే ఎందుకొస్తోందే?” అని పేపరు వెనక నుంచి అడుగుతుంటాడు. దానికి ఆవిడ జవాబు చెప్పదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం దేనికని ఊరుకుంటుంది.

సుబ్బలక్ష్మిది రేపల్లె. వాళ్ల నాన్నకు అక్కడ రేడియో రిపేరు కొట్టు ఉండేది. మిగతా ఆడపిల్లలు పూలు గుచ్చే వయసులో ఈవిడ కొట్లో కూర్చొని సీసం తీగ పట్టుకునేది, నాన్న కాల్చిన కడ్డీతో అతికేవాడు. పెళ్లయి జహీరాబాద్ వచ్చాక నాన్న ఇచ్చిన ఆ కడ్డీ ట్రంకుపెట్టె అడుగుకు చేరింది. రామకృష్ణ రిటైరై టీవీనీ పేపరునూ ఆక్రమించుకున్న నాడు, ‘ఇక నాకేం మిగిలింది’ అని పెట్టె అడుగు నుంచి దాన్ని పైకి తీసింది. అది వేడెక్కినప్పుడు వచ్చే వాసన పీల్చి కాసేపు ఏడ్చిందట కూడా. ఆ తర్వాత వీధిలో ఏ మిక్సీ మూగబోయినా, ఏ రేడియో గొంతు పోయినా ఆవిడ చేతికే రావడం మొదలైంది.

ఆవిడకు ఇంకో పిచ్చి కూడా ఉంది. ఇంట్లో కెమెరా అన్నది ఎక్కడ కనబడినా దాని మీద బొట్టుబిళ్ల అంటించేస్తుంది. ల్యాప్‌టాప్‌కు ఎర్ర బొట్టు, టాబ్లెట్‌కు మెరూన్ బొట్టు. కొత్తగా వచ్చినవాళ్లు దసరా పూజ తాలూకు బొట్లు ఇంకా తుడవలేదేమో అనుకుంటారు. “ఎవడు ఎక్కడ కూర్చొని చూస్తున్నాడో మనకేం తెలుసు? అద్దం మీద అంటించే బిళ్ల దీని మీద అంటిస్తే పోయేదేముంది?” అంటుంది. టార్చిలైటు యాప్ ఒకటి చుట్టాల నంబర్లన్నీ చూస్తానని అడిగినప్పుడు ఆవిడ వేసిన చీవాట్లు ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. “దీపం పెట్టేదానికి నా మేనత్త నంబరెందుకే?” అని ఫోనును నిలదీసిందావిడ.

ఈ వరండాలోకి భాగీరథి రావడం ఒక మిక్సీ పుణ్యం. భాగీరథి ఆ పక్క వీధిలోని ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. ఝరాసంగం పక్క పల్లె నుంచి రోజూ వస్తుంది, పోతుంది. ఒకనాడు పిల్లలకు చట్నీ తిప్పుతుంటే మిక్సీ కాలిన కంపు కొట్టి ఆగిపోయింది. తోటి వంటమనిషి శ్యామల “గా వరండా ఆంటీ దగ్గరికి వోదాం పా” అని లాక్కొచ్చింది. సుబ్బలక్ష్మి మిక్సీ విప్పి, లోపల ఏదో అతికి, సాయంత్రానికల్లా చేతిలో పెట్టింది. డబ్బులు ముట్టుకోలేదు. మర్నాడు భాగీరథి జొన్నరొట్టెలూ పుంటికూర పప్పూ పట్టుకొని వచ్చింది. “మేడం, మీరు” అని మొదలైన ఆ పలకరింపు రొట్టెలు చల్లారేలోపే “అక్కా, నువ్వు” దాకా వచ్చేసింది. కోస్తా యాస, తెలంగాణ యాస ఒక కంచంలో తిన్నాక ఇక మీరు, గీరు ఎక్కడ నిలుస్తాయి?

భాగీరథి గుండెలో ఒక భయం ఉంది. ఆమెకు అన్న ఒకడుండేవాడు, అతనిది న్యాల్‌కల్ వైపు వ్యవసాయం. ఒక వానాకాలం తడి చేత్తో బోరు మోటారు డబ్బా తెరిచి, అక్కడికక్కడే పోయాడు. అన్న అరచేయి ఎట్లా నల్లబడిందో ఆమె కళ్లతో చూసింది. అప్పటి నుంచి మోటారు డబ్బా అంటే ఆమెకు పాము పుట్ట కింద లెక్క. పెనిమిటి జగన్‌మోహన్ చేనుకు బయల్దేరితే చాలు, తిరిగొచ్చేదాకా నోట్లో ముద్ద దిగేది కాదు. వాళ్లది అల్లం చేను. రోజూ నీళ్లు కావాలి, రోజూ డబ్బా ముట్టుకోవాలి. అతను ఝరాసంగం–జహీరాబాద్ మధ్య షేర్ ఆటో నడుపుతాడు. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య పరుగెత్తి వెళ్లి మోటారు వేసి వస్తుండేవాడు. పరుగులో చేసే పనికి జాగ్రత్త ఎక్కడ ఉంటుంది?

ఈ సంగతి ఒకసారి వరండాలో చెప్పి కళ్లొత్తుకుంది. తర్వాత కొన్ని వారాలు సుబ్బలక్ష్మి బల్ల మీద ఏవో వైర్లూ, అగ్గిపెట్టెంత బోర్డూ కనబడుతూ వచ్చాయి. చివరికి ఒక ఆదివారం జగన్‌మోహన్ ఆటోలోనే వాళ్ల చేనుకు వెళ్లి, మోటారు డబ్బాలో ఆ బోర్డు బిగించింది. అందులో ఒక సిమ్ కార్డు. ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే మోటారు నడుస్తుంది. మళ్లీ ఇస్తే ఆగుతుంది. డబ్బా తెరవక్కర్లేదు, ముట్టుకోనక్కర్లేదు. కావాలంటే హాస్టల్లో పప్పు పోపు పెడుతూ కూడా చేను తడుపుకోవచ్చు.

బిగించడమంతా అయ్యాక ఆవిడ సంచీలోంచి చిన్న తెల్ల బటన్ ఒకటి తీసి, డబ్బా తలుపు అంచున అమర్చింది. పాడైపోయిన వాళ్ల పాత ఫ్రిజ్‌లోది. ఆ ఫ్రిజ్‌ను పాత సామాన్లవాడికి అమ్మేయమని రామకృష్ణ పోరుతుంటే, ‘మనం జహీరాబాద్‌లో కొన్న మొదటి వస్తువండీ’ అని ఆవిడ అమ్మనివ్వలేదు. ఫ్రిజ్ తలుపు తీయగానే లోపల దీపం వెలుగుతుంది కదా, ఆ పని చేసేది ఈ బటనే.

“అక్కా, గిండ్ల పాలు పెడ్తవా, పెరుగు పెడ్తవా?” అని జగన్‌మోహన్ పగలబడి నవ్వాడు.

“నవ్వు నాయనా. ఈ తలుపు తెరిచి ఉన్నంతసేపు ఎవరు ఫోన్ చేసినా మోటారు కదలదు. మా నాన్న ఒక మాట అనేవాడు. మనిషి మరిచిపోతాడు, స్విచ్ మరిచిపోదు అని” అంది సుబ్బలక్ష్మి. “అయినా సరే, మెయిన్ దించకుండా ఈ డబ్బా తెరవొద్దు. తెలిసిందా?”

“తెల్సిందక్కా” అన్నాడతను. అంత తొందరగా తెలిసిపోయిందంటేనే అనుమానించాల్సింది.

ఆ రోజు నుంచి భాగీరథికి అన్నం సహించింది. హాస్టల్లో గిన్నెలు కడుగుతూ మధ్యలో చేయి తుడుచుకొని ఫోన్ కొట్టేది. తన వేలి కింద ఎక్కడో చేనులో నీళ్లు దూకుతున్నాయంటే ఆమెకు నవ్వొచ్చేది. సుబ్బలక్ష్మి పేరు తలుచుకోని పూట లేదు. దేవుడికి దండం పెట్టేటప్పుడు మధ్యలో ఆవిడ కూడా దూరిపోయేది.

వానలు తగ్గాక వచ్చింది అసలు తంటా. మోటారు దానంతట అది నడవడం మొదలుపెట్టింది. పొద్దునపూట చేనుకు వెళ్లి చూస్తే మడులన్నీ చెరువులు. ఒకనాడు మధ్యాహ్నం నడిచింది, ఇంకోనాడు నడిచేది నడిచినట్టే ఆగిపోయింది. అల్లానికి నీళ్లు కావాలి గానీ నిలవ నీళ్లు పనికిరావు, గడ్డ కుళ్లిపోతుంది. పక్క చేను మహాదేవమ్మ వచ్చి చూసి, బోరులో దయ్యం దూరిందని తేల్చేసింది. కోడిని కోయమంది.

కోడికి ముందు వరండాకు వెళ్దామనుకుంది భాగీరథి. ఆదివారం పొద్దున్నే బయల్దేరింది. జగన్‌మోహన్ తన ఫోను కూడా ఆమె చేతికిచ్చాడు. “అప్‌డేట్ అప్‌డేట్ అని పానం తీస్తున్నది. అక్కతోని చేపియ్. నేను జర చేనుకాడికి వోయి మోటర్ సంగతేందో చూస్త” అన్నాడు. ఆమె వేరేవాళ్ల ఆటో ఎక్కే హడావుడిలో ఆ చివరి మాట సరిగ్గా చెవిన వేసుకోలేదు.

వరండాలో అప్పటికే వికాస్ ఉన్నాడు. బస్టాండు దగ్గర మొబైల్ షాపు అతనిది. ఆదివారం షాపు తీయడానికి ముందు ఇక్కడ ఒక కప్పు కాఫీ తాగి, సుబ్బలక్ష్మితో ఒక వాదన వేసుకొని పోవడం అతనికి అలవాటు. భాగీరథి సంగతంతా చెప్పింది.

“దానంతట అదే చాలూ అయితున్నదక్కా. నేను కొట్టలే, ఆయన కొట్టలే. దయ్యమని అంటున్నరు.”

“దయ్యం గియ్యం కాదు, ఎవడో హ్యాక్ చేసిండు” అన్నాడు వికాస్.

“అప్‌డేట్ చేసుంటారు, చెడిపోయుంటుంది” అన్నాడు రామకృష్ణ పేపరు వెనక నుంచి.

“మీరుండండి. దానికి నేను ఏ అప్‌డేటూ చేయలేదు” అంది సుబ్బలక్ష్మి. జగన్‌మోహన్ ఫోన్ అందుకొని వైఫైకి తగిలించి, అప్‌డేట్ మొదలుపెట్టి బల్ల మీద ఉంచింది. “ఆ నంబరు మీ ఇద్దరికి కాక ఇంకెవరికైనా తెలుసా?”

“ఎవ్వరికి తెల్వదు. మోటర్ నంబరు ఎవరికిస్తమక్కా?”

వికాస్‌కు ఏం తోచిందో, తన ఫోన్‌లో పేర్లు చూపించే యాప్ ఒకటి తెరిచాడు. మన నంబరును ఎవరెవరు ఏ పేరుతో రాసుకున్నారో బయటపెట్టే యాప్ అది. సుబ్బలక్ష్మికి అదంటే ఒళ్లుమంట. ఆవిడ వద్దనేలోపే అతను మోటారు నంబరు కొట్టి వెతికాడు. తెర మీద పేరు వచ్చింది. ‘జగన్‌మోహన్ లక్కీ డ్రా.’

భాగీరథికి చీరల షాపు గుర్తొచ్చింది. దసరాకు చీర కొన్నప్పుడు లక్కీ డ్రా చీటీ మీద నంబరు రాయమంటే, జగన్‌మోహన్ గడగడా చెప్పేశాడు. ఆ తర్వాత చెప్పుల షాపులో చెప్పాడు. ఫోన్ షోరూములో చెప్పాడు. సంతలో ఎవడో లోన్లిస్తామని తిరుగుతుంటే వాడికీ చెప్పాడు. అన్ని చోట్లా అంత ధారాళంగా ఎందుకు చెప్తున్నాడని ఆమె అడిగితే కన్ను కొట్టి, “మన నంబర్ కాదులే, ఫికర్ జెయ్యకు” అన్నాడు. అప్పుడామెకు అర్థం కాలేదు.

“అయ్యో రామా” అంది సుబ్బలక్ష్మి. “మీ నంబరు అందరికీ ఇవ్వకండని నేనే చెప్పాను. పోయిన ఎండాకాలంలో, ఇక్కడే.”

ఎద్దు ఈనిందంటే కొట్టంలో కట్టెయ్యమన్నట్టు, అతను ఆవిడ మాటను అక్షరాలా పాటించాడు. తన నంబరు దాచుకొని, మోటారు నంబరు పంచాడు. మోటారుకు చెవులా, నోరా, లోన్ కావాలా అని అడిగితే విసుక్కుంటుందా? తెలివైన పనే చేశాననుకున్నాడు. లోన్లిచ్చేవాళ్లూ, ఇన్సూరెన్సువాళ్లూ, దీపావళి ఆఫర్లవాళ్లూ వరసగా ఫోన్ కొట్టారు. ఎవరు కొట్టినా మోటారుకు ఒకటే. మోగితే నడిచింది, మళ్లీ మోగితే ఆగింది.

రామకృష్ణ ముందుగా నవ్వాడు. వికాస్ కడుపు పట్టుకొని నవ్వాడు. భాగీరథి కూడా నవ్వబోయింది. అప్పుడే పొద్దున్న జగన్‌మోహన్ అన్న చివరి మాట ఆమెకు వినబడింది. చేనుకాడికి వోయి చూస్త.

“అక్కా, ఆయన డబ్బా ఇప్పనీకి వోయిండు” అంది.

ఆమె చూపు బల్ల మీది ఫోను మీద పడింది. అది జగన్‌మోహన్ ఫోను. సగం దాకా నిండిన గీత, ‘ఫోను ఆపకండి’ అన్న మాట. అతనికి ఫోన్ చేద్దామంటే అతని ఫోను ఇక్కడ ఉంది. అతను అక్కడ డబ్బా ముందు కూర్చొని, ఆగి ఉన్న మోటారే కదా అని వైర్లు చేత్తో పట్టుకొని ఉంటాడు. ఆ క్షణాన ఏ లోనువాడు ఫోన్ కొట్టినా చాలు, ఆ వైర్లలోకి కరెంటు దూకుతుంది.

“ఒక్కసారి మోటర్‌కు కొట్టి చూస్తనుండు, నడుస్తున్నదా లేదా…” అంటూ వికాస్ వేలు తెర మీద పెట్టబోయాడు.

“వద్దు!” అని సుబ్బలక్ష్మి అతని చేతిలోంచి ఫోన్ లాగేసుకుంది. ఆ అరుపుకు రామకృష్ణ చేతిలో పేపరు జారింది. “ఆ నంబరు ఎవరూ కొట్టొద్దు. ఎవరూ. మీరు కారు తీయండి.”

భాగీరథి తన ఫోన్‌లో మహాదేవమ్మకు కొట్టింది. మోగి మోగి ఆగిపోయింది. మహాదేవమ్మ చేనులో ఉంటే ఫోను సద్దిమూటలో ఉంటుంది, సద్దిమూట వేపకొమ్మకు వేలాడుతుంది. మళ్లీ కొట్టింది, మళ్లీ కొట్టింది. కారెక్కుతూ ఇంకోసారి కొట్టింది.

రామకృష్ణ కారు కూడా ఆయన కంప్యూటర్ లాంటిదే. నడుస్తుంది గానీ తొందరపడదు. ఆ రోజు మాత్రం ఆయన దాన్ని తొందరపెట్టాడు. ముందు సీట్లో వికాస్, వెనక ఆడవాళ్లిద్దరూ. ఊరు దాటాక చెరుకు బండి ఒకటి అడ్డొస్తే, ఏనాడూ గట్టిగా హారన్ కొట్టని మనిషి చేయి తీయకుండా కొట్టాడు. భాగీరథి ముందు సీటు పట్టుకొని ఒంగి కూర్చుంది. ఆమె కళ్ల ముందు అన్న అరచేయి తప్ప ఇంకేమీ లేదు. ఏ భయం పోవాలని ఈ ఫోను డబ్బా పెట్టించుకుందో, ఆ ఫోనే ఇప్పుడు యముడై కూర్చుంది. పెనం మీంచి పొయ్యిలో పడడమంటే ఇదేనేమో.

“అక్కా, గా ఫ్రిజ్ బటన్ ఉన్నది గదా” అంది చివరికి. “తలుపు తీస్తే మోటర్ కదలదంటివి గదా.”

సుబ్బలక్ష్మికి అబద్ధం చెప్పడం రాదు. “ఉందమ్మా. పని చేస్తే ఏ భయమూ లేదు. కానీ పాత ఫ్రిజ్‌ది. రెండు వానాకాలాలు బయట తడిసింది. లోపల దుమ్ము పట్టినా, చీమలు చేరినా… చెప్పలేనమ్మా” అని ఆమె చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఆవిడ చేతులూ చల్లగానే ఉన్నాయి.

దారి పొడుగునా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

చేను గట్టు మీద కారు ఆగీ ఆగకముందే భాగీరథి దూకింది. దూరం నుంచే కనబడ్డాడు. డబ్బా తలుపు బార్లా తెరిచి, దాని ముందు గొంతుక్కూర్చొని ఉన్నాడు. మోటారుకు పోయే వైర్లు మూడింటి మరలూ వదులు చేసి, ఇంకా బిగింపులోనే ఉన్న రాగి చివరలు ఎడమ చేత్తో గుప్పిట పట్టుకున్నాడు. మెయిన్ దించనే లేదు.

“చెయ్యి తియ్! ఓ, చెయ్యి తియ్!” అని అరుస్తూ మడుల్లో పడి పరుగెత్తింది. నిలవ నీళ్లలో కాళ్లు దిగబడ్డాయి.

జగన్‌మోహన్ తల తిప్పి చూశాడు. చేయి తీయలేదు, అర్థం కాలేదు. సరిగ్గా అప్పుడే డబ్బాలోని బోర్డు మీద ఎర్ర దీపం మిణుకుమిణుకుమని కొట్టుకుంది. ఎక్కడో ఎవరో ఆ నంబరు కొట్టారు. మోటారు నడిచే ముందు లోపల ‘టక్’ అని ఒక చప్పుడు వస్తుంది. భాగీరథికి ఆ చప్పుడు బాగా తెలుసు. ఆమె మడి మధ్యలో నిలబడిపోయింది. వెనక సుబ్బలక్ష్మి గట్టు మీద నిలబడిపోయింది.

ఆ చప్పుడు రాలేదు. దీపం కాసేపు కొట్టుకొని ఆరిపోయింది.

“ఏందే, గట్ల మొత్తుకుంటున్నవ్?” అన్నాడు జగన్‌మోహన్ వైర్లు వదిలి లేస్తూ. “గీ ఎర్ర లైటు ఇందాక సంది కొట్టుకుంటనే ఉన్నది. నేను తలుపు తీసినంక ఇది మూడోసారి. ఏందో సమజైతలే.”

భాగీరథి అక్కడే బురదలో కూర్చుండిపోయింది. మూడుసార్లు. మూడుసార్లు చావు ఆ డబ్బా దాకా వచ్చి, తలుపు తెరిచి ఉందని చూసి వెనక్కి పోయింది.

వికాస్ పోయి మెయిన్ దించాడు. సుబ్బలక్ష్మి మెల్లగా వచ్చి డబ్బా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆ తెల్ల బటన్ చుట్టూ నిజంగానే చీమలు మట్టి పెట్టాయి. బటన్ నోటి దాకా వచ్చి ఆగాయి. ఆవిడ కొంగుతో ఆ మట్టి తుడిచింది. “నాన్నా” అంది, ఎవరికీ వినబడనంత నెమ్మదిగా. భాగీరథికి వినబడింది.

సంగతి విన్నాక జగన్‌మోహన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎడమ చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. “నా నంబర్ ఇయ్యొద్దంటివని మోటర్‌ది ఇచ్చినక్కా. మంచిగనే చేసిన అనుకున్న” అన్నాడు. తిట్టడానికి నోరు తెరిచిన సుబ్బలక్ష్మి, ఆ ముఖం చూసి మూసుకుంది.

భాగీరథి బురద కాళ్లతోనే వచ్చి వంగి ఆవిడ పాదాలు పట్టుకుంది. సుబ్బలక్ష్మి గాభరాపడి వెనక్కి జరిగింది. “లే అమ్మాయ్, లే. ఇదేం పని! ఎవరు కొట్టినా నడిచేటట్టు చేసింది నేనే. మొదటి రోజే మీ ఇద్దరి నంబర్లకే కట్టుబడేటట్టు చెయ్యాల్సింది.”

“నా అన్నకు గీ బటన్ ఉంటే బతికేటోడక్కా” అంది భాగీరథి. సుబ్బలక్ష్మి ఆమెను లేపి పక్కన కూర్చోబెట్టుకుంది, ఇద్దరూ కరువు తీరా ఏడ్చారు. కొమ్మకు వేలాడే సద్దిమూటలో మోగిన ఫోను ఇప్పటికి చూసుకొని వచ్చిన మహాదేవమ్మ, దయ్యం దిగిందనుకొని తనూ రెండు కన్నీటి చుక్కలు రాల్చింది.

ఏడుపు అయ్యాక పని. సుబ్బలక్ష్మి బయల్దేరేటప్పుడే కారులో పడేసుకొచ్చిన బొట్టు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని, వైరుతో బోర్డుకు తగిలించి, అక్కడే వేపచెట్టు కింద దాని బుద్ధి మార్చింది. ఇక రెండే రెండు నంబర్లు. మూడో మనిషి కొట్టినా, రాజు కొట్టినా మోటారు కదలదు. పాత బటన్‌కు తోడుగా ఇంకోటి, దుమ్ము పట్టినా మోసం చేయనిది, మరుసటి ఆదివారం తెచ్చి బిగించింది. డబ్బా తలుపు మీద వికాస్ పెయింటుతో ‘మెయిన్ దించినంకనే తెరువు’ అని రాశాడు. అది మాత్రం తెలంగాణ మాటలోనే ఉండాలని జగన్‌మోహన్ పట్టుబట్టాడు.

ఆ రోజు కారులో తిరిగి వస్తూ, ఊరు దగ్గరపడ్డాక రామకృష్ణ, “ఇట్లాంటి అప్‌డేట్ అయితే నాకేం అభ్యంతరం లేదోయ్” అన్నాడు. తర్వాత గేరు మారుస్తూ, “ఆ ఫ్రిజ్ అమ్మకపోవడం మంచిదైంది” అన్నాడు. ఆయన జీవితంలో భార్య మాట ఒప్పుకున్న సందర్భాలు తక్కువ. సుబ్బలక్ష్మి కిటికీలోంచి బయటకు చూస్తూ నవ్వుకుంది.

ఆ ఏడాది అల్లం సగం కుళ్లింది. మిగిలిన సగంలో మొదట తవ్విన బుట్ట సుబ్బలక్ష్మి వరండాలో దిగింది. ఆవిడ వద్దు వద్దంటూనే వీధి వీధంతా పంచింది. జగన్‌మోహన్‌ను ఇప్పుడు ఏ షాపులో నంబరు అడిగినా, “లేదమ్మా, మా ఇంట్ల ఎవ్వరికి నంబర్లు లెవ్వు” అంటాడు. లక్కీ డ్రా చీటీ వైపు కన్నెత్తి చూడడు.

హాస్టల్ వంటింట్లో ఒక పెద్ద ఫ్రిజ్ ఉంది. ఆ తలుపు తీసినప్పుడల్లా భాగీరథి లోపలి అంచున ఉన్న చిన్న తెల్ల బటన్‌ను వేలితో తాకి, ఆ వేలు కళ్లకద్దుకుంటుంది. పొద్దున పాలకు తీసినా అంతే, సాయంత్రం పెరుగుకు తీసినా అంతే. మొదట్లో శ్యామల వింతగా చూసింది. తర్వాత నవ్వింది. మొన్న ఉండబట్టలేక అడిగేసింది.

“అక్కా, ఫ్రిజ్‌కు మొక్కుతవేంది? పిల్లలు పాల కోసం లైన్ కట్టిన్రు.”

“నువ్వు పాలు తీస్కపో” అంది భాగీరథి, వేలు బటన్ మీదే ఉంచి. “నేను మా ఆయనను చూస్కుంటున్న.”